చప్పుడు కోసం సైలెన్సర్

సైలెన్సర్ అని పేరు పెట్టినవాడెవడో గానీ, ఎదురుపడితే వాణ్ణి రెండు మాటలు అడగాలని ఉంది. పేరేమో నోరు మూయించేది. మనవాళ్ళు కొనేదేమో చప్పుడు కోసం. "ఏ సైలెన్సర్ వేయించావురా, సౌండ్ అదిరిపోయింది" అంటారు. ఈ మాటలో ఉన్న తిరకాసు నాకు ఏళ్ళ తరబడి తట్టలేదు. మా బావ పుణ్యమా అని తట్టింది.

మా బావంటే మా అక్క మొగుడు. రేకు పని చేస్తాడు. ట్రంకు పెట్టెలు, గరాటులు, డబ్బాలకి మూతలు, షాపుల ముందు వాన పడకుండా వేసే చూరులు, ఏది కావాలన్నా రేకు కత్తిరించి, మడిచి, బాది చేతిలో పెడతాడు. వీధిలో అందరికీ ఆయన 'రేకులాయన'. ఆయన షాపు, నా ఇనప సామాన్ల షాపు ఎదురెదురు. నేను మేకులూ బందులూ గొళ్ళాలూ అమ్ముకుంటాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన సుత్తి పట్టుకుని బాదుతుంటే, దెబ్బకీ దెబ్బకీ మధ్య సందు చూసుకుని నేను బేరాలు చేసుకుంటాను. నీ నోరు పెద్దదని మా ఆవిడ దెప్పుతుంది. అలాంటి షాపుకి ఎదురుగా కూర్చున్నవాడికి నోరు చిన్నదైతే పూట గడవదు.

బావకి ఒక మోటార్‌సైకిల్ ఉంది. పెళ్ళయిన కొత్తలో, ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఎవరో అమ్మేస్తుంటే కొన్నాడు. అప్పటికే అది పాతది. నల్ల ట్యాంకు, గుండ్రటి లైటు, వెనకవాళ్ళు పట్టుకోవడానికి సీటుకి ఒక పట్టీ. కిక్కు కొట్టడం చేతకానివాడి మోకాలు వారం దాకా కోలుకోదు. కానీ దాని గొంతు మాత్రం గొప్పది. తక్కిన బండ్లు గీపెడతాయి, అది నింపాదిగా మాట్లాడేది. స్టార్ట్ చేసి వదిలేస్తే డుబ్, డుబ్, డుబ్ అని మూడు దెబ్బలు కొట్టి, నాలుగోది మింగేసేది. మళ్ళీ మూడు కొట్టేది, మళ్ళీ ఒకటి మింగేది. వీధి చివరి మెకానిక్ ఆ లోపం సరిచేస్తానంటే బావ ఒప్పుకోలేదు.

"అది దాని నడక. నువ్వు వేలు పెట్టకు" అన్నాడు.

ఆ నడకని బట్టే మా అక్క సంసారం నడిచింది. బావ సరుకు ఇచ్చి రావడానికి బజారంతా తిరిగేవాడు. సాయంత్రం వీధి మలుపులో ఆ చప్పుడు వినపడగానే అక్క టీకి నీళ్ళు పడేసేది. ఆయన స్టాండు వేసి, కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చేసరికి గ్లాసు సిద్ధం. వాళ్ళ అమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పుడు రాగాలు తీసి ఏడుస్తుంటే ట్యాంకు మీద పడుకోబెట్టి, చెయ్యి అడ్డం పెట్టి, బండి స్టార్ట్ చేసి నిలబడేవాడు. పిల్ల ఇట్టే నిద్రపోయేది. ఇరుగుపొరుగు వాళ్ళ నిద్ర సంగతేమిటని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

కొన్నేళ్ళ కిందట ఆ బండి అసలు సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లులు పడింది. ఆ మోడల్‌కి కంపెనీ సరుకు రావడం ఎప్పుడో ఆగిపోయింది. చవగ్గా దొరికిన డూప్లికేట్ ఒకటి బిగించారు. అదిగో, అప్పుడు మొదలైంది బావకి బెంగ.

"దీని గొంతు పూడుకుపోయిందిరా" అనేవాడు.

"బానే ఉంది కదా బావా" అనేవాణ్ణి.

"మేకులమ్ముకునేవాడివి, నీకేం తెలుస్తుంది" అనేవాడు.

ఏడాది ఏడాదికీ ఆ బెంగ ముదిరింది. బండి దిగి, వంగి, సైలెన్సర్ మూతి దగ్గర చెవి పెట్టేవాడు. మెకానిక్ చేత ఊడదీయించి, మసి గీకించి, మళ్ళీ బిగించేవాడు. "కాస్త వచ్చిందిరా" అని రెండు రోజులు సంబరపడేవాడు. మూడో రోజు మళ్ళీ మొహం వేలాడేసేవాడు. ఒకసారి నా షాపు అరుగు మీద కూర్చుని, టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని అన్నాడు, "నాకింకేమీ వద్దురా. ఆ చప్పుడు మళ్ళీ ఒక్కసారి వినాలనుంది. అది వింటే నాకు మా చిన్నదాన్ని ఎత్తుకున్నట్టు ఉంటుంది." మా మేనకోడలికి ఉద్యోగం వచ్చి వేరే ఊళ్ళో ఉంటోంది. అది ఫోన్ చేసినా బావ రెండు ముక్కలు మాట్లాడి, "ఇదిగో, మీ అమ్మ" అని అక్క చేతిలో పెట్టేస్తాడు. నేను ఆ మాట ఎత్తి ఏడిపించబోయి, ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

అక్క బెంగ వేరు. ఆమె నా దగ్గరికొచ్చి ఏకరువు పెట్టేది. "మీ బావకి నామీద ఏదో కోపం ఉందిరా. వంటింట్లోంచి గొంతు చించుకుని పిలిచినా పలకడు. ఎదురుగా వెళ్ళి అడిగితే మాత్రం నవ్వుతాడు. నాతో వేగలేకపోతున్నాడేమో అడిగి చూడు." నేను అడగలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య దూరి చీవాట్లు తినే ఓపిక నాకు లేదు.

ఇలా ఉండగా బజారులో కొత్తగా పెట్టిన విడిభాగాల షాపులో, గాజు అద్దం వెనకాల, బావకి ఒక సైలెన్సర్ కనిపించింది. పొడుగ్గా, తళతళా మెరుస్తూ, చివర గరాటు మూతిలా విచ్చుకుని ఉంది. అప్పుడే ఎవడో కుర్రాడు అలాంటిదే బిగించిన బండి మీద షాపు ముందు నుంచి వెళ్ళాడట. "రోడ్డు మీద ఒక్కడు కూడా తల తిప్పకుండా లేడురా! దాని దర్జా చూడాలి!" అని బావ చేతులు ఊపుతూ చెప్పాడు. చప్పుడు ఎలా ఉందో మాత్రం చెప్పలేదు. అది నాకు అప్పుడు పట్టలేదు. ధర తెలిశాక షాపు మెట్లు దిగి వచ్చేశాడట.

వారం రోజులు ముభావంగా ఉన్నాడు. ఒక పొద్దున మొహం వెలిగిపోతూ రోడ్డు దాటి వచ్చాడు.

"ఒరే, ఆ కొస చూశావా? అది గరాటు! నా బతుకంతా గరాటులు చేశాను. ఇంకోటి చెయ్యలేనా?"

అన్నదే తడవు పనిలో దిగాడు. దళసరి రేకు ముక్క షాపులోనే మిగిలి ఉంది. సన్న గొట్టానికి చిల్లులు పొడిచి లోపల పెట్టాడు. చుట్టూ చుట్టడానికి చప్పుడు పీల్చే గాజు దూది, బిగించడానికి క్లాంపులు నా షాపులోంచి పట్టుకుపోయాడు. బావకి బిల్లు వేసే ధైర్యం ఏ బావమరిదికీ ఉండదు. ఎప్పుడూ సాయంత్రానికల్లా షట్టరు దించే మనిషి ఆ రోజుల్లో దీపాలు పెట్టినా కదల్లేదు. కొయ్య సుత్తితో రేకుని కొద్దికొద్దిగా తడుతూ గుండ్రం తిప్పుతుంటే, మనిషి పదేళ్ళు వెనక్కి వెళ్ళినట్టున్నాడు. చివరికి తయారైన వస్తువు నిజంగా బావుంది. ఒప్పుకోక తప్పదు.

కానీ అతుకు దగ్గర బావ బుద్ధి గడ్డి తింది. ఆయన చేతికి అలవాటైన అతుకు ఒక్కటే, తగరం మాటు. డబ్బాకైనా గరాటుకైనా అంచు మడిచి, కరిగించిన తగరంతో మాటు వేస్తాడు. చుక్క నీరు కారదు. పొయ్యి మీద పెట్టే గిన్నెకి మాటు వెయ్యమని ఎవరైనా తెస్తే, "వేడికి కరిగి ఊడిపోతుంది తల్లీ, వెల్డింగు వాడి దగ్గరికి వెళ్ళు" అని తిప్పి పంపే మనిషి. అలాంటి మనిషి, ఇంజన్లోంచి సెగలు కక్కే గొట్టానికి తన చేత్తో తగరం మాటు వేసుకున్నాడు. సంబరంలో ఉన్నవాడికి అది సైలెన్సర్‌లా కనపడలేదు, గరాటులా కనపడింది.

బండికి బిగించాక తొలి తిరుగుడు అక్కతోనే. ఆమెని వెనక కూర్చోబెట్టుకుని బజారుకి బయల్దేరాడు. నేను షాపు ముందు నిలబడి చూస్తున్నాను. వీధి సగం దాటారో లేదో, ఠంగుమని గరాటు ఊడి పడింది. పడి ఊరుకుందా? దొర్లుకుంటూ వెళ్ళి టైలరు షాపు మెట్టు కింద దూరింది. మూతి లేని గొట్టంలోంచి ఇక చూసుకోండి! టపాకాయల దుకాణానికి నిప్పంటుకున్నట్టు పేలుళ్ళు. కుక్కలు పరుగు. టైలరు సూది వేలికి గుచ్చుకుని కేక పెట్టాడు. బావ మాత్రం ఆగలేదు. అక్క ఆయన వీపు మీద రెండు అరచేతుల్తో దబదబా బాదుతోంది. బావ ఒకసారి పక్కకి తిరిగి నవ్వి, బండి ఇంకా జోరు చేశాడు. అటూ ఇటూ జనం తల తిప్పి చూస్తుంటే దర్జాగా తల ఊపుకుంటూ వీధి చివరి దాకా పోయాడు.

నేను ఆ గరాటు పట్టుకుని వెనకాలే పరిగెత్తాను. అక్క బండి దిగి కేకలేస్తోంది.

"ఊడిపోయిందండీ! వీపు వాచేలా కొడుతుంటే ఆపరేం?"

"నీకు నచ్చి కొడుతున్నావనుకున్నానే" అన్నాడు బావ.

వీధి వీధంతా పగలబడి నవ్వింది. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను. బావ గరాటుని తిప్పి చూసి, కరిగి జారిన తగరాన్ని వేలితో తడిమి, నెత్తి కొట్టుకుని తనూ నవ్వాడు. ఊడిపోతే తెలియకపోవడమేమిటని ఒక్కడికీ అనుమానం రాలేదు. తగరం మాటు గురించి నెల రోజులు సరిపడా నవ్వుకునే సరుకు దొరికింది, దాంతో అందరం తృప్తిపడ్డాం.

ఈసారి మెకానిక్ పూనుకున్నాడు. "పెద్దాయనా, నీ గరాటు భేషైంది, అతుకు నాకు వదిలెయ్" అని దగ్గరుండి వెల్డింగు చేయించాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం బావ ఇంటి ముందు బిగించారు. నేను స్పానర్లు అందించాను. అక్క గుమ్మంలో తువ్వాలు పట్టుకుని నిలబడింది. మేడ మీద అద్దెకున్న మాస్టారు పిట్టగోడ మీంచి తొంగి చూశాడు. బావ చేతులు తుడుచుకుని, బండి ఎక్కి, కిక్కు కొట్టాడు.

వీధి అదిరిపోయింది. అంత చప్పుడు. కిటికీ అద్దాలు గలగల్లాడాయి. మాస్టారు రెండు చెవుల్లో వేళ్ళు దూర్చుకుని లోపలికి పారిపోయాడు. ఎవరింట్లోనో పసివాడు గుక్కపెట్టి ఏడవడం మొదలెట్టాడు. మెకానిక్ రెండు అడుగులు వెనక్కి వేశాడు. ఆ మోతలో కూడా నాకు తెలిసింది, మూడు దెబ్బలు, ఒకటి మింగుడు. అచ్చం పాత నడకే. నేను బావ మొహం వైపు చూశాను, సంబరం చూద్దామని.

బావ బండి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, గరాటు మూతి దగ్గర చెవి పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. కొంచెంసేపటికి తల ఎత్తి మెకానిక్‌తో అన్నాడు.

"ఏదీ, ఇంకా రాలేదే?"

మెకానిక్ వేళాకోళం అనుకుని నవ్వాడు. బావ నవ్వలేదు. "కొంచెం... ఎక్కడో అడుగున ఉన్నట్టుంది. పైకి రావట్లేదు. లోపల దూది ఎక్కువైందా?" అని నిజంగానే అడిగాడు. మెకానిక్ నవ్వు అలాగే ఉండిపోయింది. నా వైపు చూశాడు. చెయ్యి చాపి బండి ఆపేశాడు.

వీధి ఒక్కసారిగా సద్దుమణిగింది. బావ గరాటు వైపు తిరిగి దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. వీపు గుమ్మం వైపు ఉంది.

"ఏమండీ" అంది అక్క, మామూలుగా.

బావ తుడుస్తూనే ఉన్నాడు.

"ఏమండీ" అంది మళ్ళీ, గట్టిగా. మాస్టారి పిట్టగోడ దాకా వినపడేంత గట్టిగా.

బావ గుడ్డ మడిచి ఇంకో వైపు తుడవసాగాడు. అక్క గుమ్మంలో కూలబడింది. ఇన్నేళ్ళ కోపం, పలకడన్న కష్టం, అలిగి తినకుండా పడుకున్న పూటలు, అన్నీ ఆమె కళ్ళలో ఒక్కసారి తిరిగాయి. వీధి మధ్యలో వీపు మీద కొట్టినప్పటి సంగతి కూడా తిరిగే ఉంటుంది. 

అక్క లేచి, చుట్టూ తిరిగి, బావకి ఎదురుగా వెళ్ళి కూర్చుంది.

"ఏమండీ, బండికేం కాలేదు" అంది పెదవులు విప్పి, నిదానంగా.

"మరి?"

ఆమె చెయ్యి చాపి ఆయన చెవి పట్టుకుంది. బావ ఆ చేతి వైపు చూశాడు. మెకానిక్ వైపు చూశాడు. నా వైపు చూశాడు, నేను క్లాంపు బిగుతు చూస్తున్నట్టు తల దించుకున్నాను. అప్పుడు నవ్వాడు.

"అయితే సైలెన్సర్ నాకు బిగించారన్నమాట" అన్నాడు.

ఎవరం నవ్వలేదు.

"ఎప్పట్నించే?" అని అక్కని అడిగాడు.

"తెలీదండీ. నామీద కోపమనుకున్నాను."

"నీమీద నాకెందుకే కోపం?" అన్నాడు బావ. ఆ మాటకి అక్క తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడు తలుచుకుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది. ఆయన షాపుకొచ్చినవాళ్ళు కొలతలు చేతుల్తో చూపిస్తారు, ఆ రోదలో మాటలు వినపడవు కాబట్టి. మా ఇంట్లో అందరం ఎలాగూ అరిచే మాట్లాడతాం. రేకు బాదుతూ బాదుతూ, ఆ సుత్తే రోజుకింత ఆయన చెవుల్లోంచి వినికిడిని పట్టుకుపోయింది. సరిగ్గా సైలెన్సర్ మార్చిన ఏడాదే బండి గొంతు ఆయనకి తగ్గడం మొదలైంది. పాపం, నేరమంతా దాని నెత్తిన పడింది.

చెవుల డాక్టరు చూసి, ఇదేమీ వెనక్కి రాదన్నాడు. చెవికి మిషను పెట్టుకుంటే మనుషుల మాటలు కొంత తెలుస్తాయన్నాడు. మేనకోడలు వచ్చి పట్టుబట్టి మిషను పెట్టించింది. మర్నాడు బావ షాపులో సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేసి, ఉలిక్కిపడి, సుత్తి కింద పెట్టి నా దగ్గరికొచ్చాడు.

"ఇంత గోలట్రా నా పని? ఇన్నేళ్ళూ నువ్వెలా చచ్చావురా ఇక్కడ?"

"అలవాటైపోయింది బావా" అన్నాను.

ఆ సాయంత్రం అందరం చూస్తుండగా మిషను పెట్టుకునే బండి స్టార్ట్ చేశాడు. నాకు దేవుణ్ణి అడిగే అలవాటు లేదు. ఆ రోజు అడిగాను. బావ తల ఒక పక్కకి వంచి విన్నాడు. విని, మిషను తీసి జేబులో వేసుకున్నాడు.

"డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుందిరా. అది మన బండి కాదు" అన్నాడు.

తర్వాత ఆ మాట ఎత్తలేదు. తన గరాటు సైలెన్సర్ తనే ఊడదీసి షాపులో మేకుకి తగిలించాడు. "పసిపిల్లలున్న వీధి, మనకి వినపడనిది వాళ్ళ ప్రాణానికెందుకు" అని పాత డూప్లికేటే మళ్ళీ బిగించాడు. బండి మీద తిరుగుతున్నాడు, కానీ దిగాక వంగి చూడటం మానేశాడు. ఆయన వంగకపోతే చూడటం నాకే కష్టంగా ఉండేది. ఆశ ఉన్నన్నాళ్ళూ ఆయన చాదస్తం మీద జోకులేశాను. ఆశ పోయాక ఆ చాదస్తం కోసం నేనే ఎదురుచూశాను.

మొన్న సాయంత్రం ఇద్దరూ ఎక్కడికో బయల్దేరి నా షాపు ముందు ఆగారు. బావ ఇంజను ఆపకుండా, నా వైపు తిరిగి, ఇంటి తాళం ఇస్తున్నాడు. అక్క వెనక కూర్చుని ఉంది. బండి తన మానాన తను నడుస్తోంది. డుబ్, డుబ్, డుబ్. మింగింది. డుబ్, డుబ్, డుబ్.

అక్క చెయ్యి బావ వీపు మీద ఉంది. ముందు నేను గమనించలేదు. ఆమె అరచెయ్యి మెత్తగా తడుతోంది. మూడు సార్లు తట్టి, ఒకసారి ఆగుతోంది. మళ్ళీ మూడు, మళ్ళీ ఆగడం. బండి దెబ్బకీ చేతి దెబ్బకీ వెంట్రుకవాసి తేడా లేదు. ఎందుకుంటుంది? ఆ చప్పుడు కోసం ఇన్నేళ్ళూ వంటింట్లో చెవులు అప్పగించి కూర్చున్నది ఆమె కదా. బండి నడిపినాయన కంటే ఆ నడక ఆమెకే బాగా తెలుసు.

బావ చేతిలో తాళం అలాగే ఉండిపోయింది. నేను అందుకోబోతే వదల్లేదు. కదలకుండా, ఎటో చూస్తూ కూర్చున్నాడు. నాలుగో దెబ్బ దగ్గర అక్క చెయ్యి ఆగినప్పుడల్లా ఆయన ఊపిరి కూడా ఆగి మళ్ళీ ఆడుతోంది. కళ్ళ నిండా నీళ్ళు. నా కళ్ళ సంగతి నేను చెప్పను.

"ఒరే బావమరిదీ" అని అరిచాడు బావ, వీధి వీధంతా వినపడేలా. "వచ్చిందిరా!"

టైలరు మిషను ఆపి తొంగి చూశాడు. నా షాపులో బందులు కొనడానికొచ్చినాయన ఏమిటి వచ్చిందని అడిగాడు. నేను తాళం అందుకుని జేబులో వేసుకున్నాను. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా అక్క చెయ్యి ఆగలేదు.